నలభై ఒక్క గ్లాసులు

నమోదు 7,412
రాబడి: 58 లక్షల లీటర్ల మురుగు. మడ్డి: సీసాలో 280 గీత. రుచి: కొంచెం ఇనుము.

ఇనుముకు కంగారు పడాల్సిందేమీ లేదు. మూడో వార్డులో ఎవరో పాత గొట్టం కోసి కొత్తది అతికించుకుని ఉంటారు. ఆ తుప్పు మురుగులో కలిసి, నా తొట్టెలన్నీ తిరిగి, రెండో రోజుకు నా నాలుక మీదికి వచ్చింది. మెరకపాడులో ఎవరింట్లో ఏం జరిగినా చివరికి నాకు తెలిసిపోతుంది. నది ఆగిపోయి ముప్పై ఏళ్లయింది. అప్పటి నుంచి ఊరు తాగినదే మళ్లీ తాగుతోంది. మధ్యలో ఉన్నది నేను.

పొద్దున్న ఆరింటికి మామూలుగానే గేటు దగ్గర గ్లాసు తాగాను. తొమ్మిది వార్డుల నుంచి తొమ్మిది మంది చూపరులు వచ్చారు. నేను గుటకలు వేయడం చూసి, గ్లాసు బోర్లించాక, ఎవరి వార్డు తాళంచెవితో వాళ్లు వెళ్లి వాల్వు తిప్పుకున్నారు. ప్లాంటులో మీటర్లు లేక కాదు, గోడ నిండా ఉన్నాయి. బొమ్మ చేతా అంకె చేతా ఏం కావాలంటే అది చెప్పించవచ్చని ఈ ఊరికి ఒకసారి తెలిసింది. గోడ మీద ఆకుపచ్చ దీపం వెలుగుతూ ఉండగానే నాలుగో వార్డు సగం మంచాన పడింది. అప్పటి నుంచి జనం మీటరును నమ్మరు, మనిషి గొంతును నమ్ముతారు. ఇరవై ఏళ్లుగా ఆ గొంతు నాది. కాగితాల్లో నా పేరు గొర్లె నూకరత్నం, ప్రధాన ఆపరేటరు. బయట గ్లాసమ్మ.

మధ్యాహ్నం తవిటినాయుడు వచ్చాడు. పట్టణ నీటి ఇంజనీరు. అతనికి పంతొమ్మిదేళ్లప్పుడు మా వీధిలోంచి నేనే లాక్కొచ్చి, మురుగులోకి గాలి ఊదే గాలి తొట్టె గట్టు మీద నిలబెట్టాను. ఆ వాసనకు మూడు రోజులు అన్నం ముట్టలేదు. నాలుగో రోజు అక్కడే కూర్చుని నా క్యారేజీ ఖాళీ చేశాడు. అప్పుడే అనుకున్నాను, వీడు పనికొస్తాడని.

"పిన్నీ, ఎగువోళ్లు ఒడ్డుపేటని మన ప్లాంటుకి కలిపీమంటన్నారు," అన్నాడు. "ఇరవై రెండు వేల మంది. ప్లాంటు పెంచాల. ఇంకో ఏడాదిన్నరలో గొట్టం నీళ్లు అందకపోతే పేటని ఖాళీ చేయించి ఎగువ శిబిరాలకి పంపీడమే."

ఒడ్డుపేట వాళ్లు సముద్రం మింగేసిన ఊళ్ల నుంచి వచ్చి మన దిగువన పాకలు వేసుకున్నవాళ్లు. ఎగువ శిబిరాలకు వెళ్లినవాళ్ల నుంచి ఇంతవరకు ఒక్క కబురు రాలేదు. అలాంటి చోటికి ఇరవై రెండు వేల మందిని పంపిస్తారా? ప్లాను వెంటనే మొదలుపెడదామన్నాను.

నమోదు 7,431
రాబడి: 57 లక్షలు. మడ్డి: 265. రుచి: చివర్న కాస్త వేపచేదు.

ఐదు రోజులుగా ఒడ్డుపేట మురుగు కొలుస్తున్నాను. ప్లాంటు పెంచడమంటే బల్ల మీద గీతలు గీయడం అనుకుంటారు. ముందు కాలువలో దిగాలి. రెండు గంటలకోసారి కర్ర ముంచి లోతు చూడాలి, చెక్కముక్క వదిలి అది పది అడుగులు పోవడానికి ఎంతసేపు పట్టిందో రాసుకోవాలి. తెల్లవారుజామున కాలువ ఉరుకుతుంది, ఎండెక్కాక నీరసపడుతుంది, సాయంత్రం చేపలు కడిగిన నీళ్లతో మళ్లీ లేస్తుంది. లెక్క వేస్తే రోజుకు పంతొమ్మిది లక్షలు తేలింది.

ఈ ఐదు రోజులూ ఒకావిడ నన్ను వదిలిపెట్టలేదు. పేరు ఎర్రయ్యమ్మ. యాభై దాటిన మనిషి, గొంతు మాత్రం పడవ మీంచి ఒడ్డుకు కేకేసేవాళ్ల గొంతు.

"నీల్లిత్తారని సెప్పి మా మురుగు కొలుత్తావేటప్పా? ముందు నీల్లియ్యండి, మురుగు మేం సేసి సూపిత్తాం."

"ఎంత మురుగు వస్తుందో తెలిస్తే గదా ఎంత పెద్ద తొట్టె కట్టాలో తెలిసేది," అన్నాను.

"మరైతే ఇయ్యాల కొలిసి ఏటి లాబం? వోరానికి రెండు టాంకర్లు. ఒక్క బిందెతో ఇంటిల్లిపాదీ మొకాలు కడుగుతన్నాం. అదే కొలిసీసి, ఈల్లకింతే సాలని రాసీగలవు."

కర్ర కాలువలోనే వదిలేసి ఆమె ముఖం చూస్తూ ఉండిపోయాను. ఇరవై ఏళ్ల అనుభవం అని విర్రవీగే నాకు ఇది తట్టలేదు. నీళ్లు లేనివాళ్ల మురుగు కొలిచి, దాన్ని బట్టి తొట్టె కడితే నీళ్లు వచ్చిన మర్నాడే అది పొంగిపోతుంది. పంతొమ్మిది కొట్టేసి ముప్పై రాశాను. పేట కలిశాక పదో చూపరిగా నువ్వే రావాలని ఆమెతో చెప్పాను.

"నాను సూత్తే పేటంతా సూసినట్టే," అంది. నన్ను అక్కను చేసుకుని అప్పా అని పిలవడానికి ఆమె ఎవరి అనుమతీ అడగలేదు. నాకూ బాగానే ఉంది.

నమోదు 7,466
రాబడి: 58 లక్షలు. మడ్డి: 290. రుచి: చప్పన.

పురసభలో ప్లాను పెట్టారు. పాత వరుస పక్కనే, ఒడ్డుపేట నీళ్ల కోసం, అచ్చం అలాంటిదే కొత్త వరుస. చెత్త జల్లెడ, మడ్డి తొట్టె, గాలి తొట్టె, చివర సన్న జల్లెడ. మొదటి మూడూ మనమే కట్టుకోగలం. సన్న జల్లెడ పేటికలు మాత్రం ఎగువ నుంచి రావాలి. కంటికి కనిపించని క్రిమిని ఆపేది అదొక్కటే. అంతకుముందు మూడింటి పని నీళ్లను తేటగా చేయడం వరకే.

పేటికలు ఆలస్యమైతే ఎలాగని అడిగాను. పాత వరుసలో పన్నెండున్నాయి కదా, ఐదు తీసి కొత్త వరుసలో పెడదాం, పాత ఊరికి రోజుకు తొమ్మిది గంటల బదులు ఐదు గంటలు వస్తాయి, ఎవరూ చావరు అన్నాను. సభలో ఒక్కరూ నా వైపు చూడలేదు. అధ్యక్షుడు గొంతు సవరించుకుని తర్వాతి అంశం అన్నాడు. పేటికలు సమయానికి వస్తాయట. అధ్యక్షుడి పక్కన తవిటినాయుడు తల దించుకుని కాగితాలు సర్దుకున్నాడు.

తిరిగొచ్చేటప్పుడు ఇంకో సంగతి తేల్చుకోవాల్సి వచ్చింది. రెండు వరుసలున్నప్పుడు గేటు దగ్గర రెండు కొళాయిలు పెట్టి, పొద్దున్నే రెండు గ్లాసులు తాగాలన్నది నా లెక్క.

"వొద్దు పిన్నీ," అన్నాడు తవిటినాయుడు. "రెండు గ్లాసులు కనిపిస్తే ఒడ్డుపేటోళ్లవి వేరే నీళ్లని పాత ఊరోళ్లు వాళ్లని వేరు పెడతారు. రెండు వరుసలూ ఒక్క కొళాయిలో కలిపీద్దాం. అందరికీ ఒక్కటే గ్లాసు."

అతని మనసు ఎంత మంచిదో అనిపించింది. భుజం తట్టాను.

నమోదు 7,471
రాబడి: 58 లక్షలు. మడ్డి: 285. రుచి: కొంచెం సబ్బు.

షీట్ల చదువు. మా దగ్గర ప్లాను తెర మీద చూసి ఒప్పుకోవడం లేదు. గీసినవాడు ఎదురుగా కూర్చుని ప్రతి షీటూ, ప్రతి భాగమూ పైకి చదవాలి. నడిపేవాళ్లు కళ్లు మూసుకుని విని, చెవికి ఒప్పితే సంతకం పెట్టాలి. గీతను ఎవరైనా తర్వాత మార్చవచ్చు, ఒక మనిషి ముఖం మీద చదివినదాన్ని మార్చలేరని ఈ పద్ధతి. తవిటినాయుడికి ఇది నేర్పినదాన్ని నేనే.

ఇరవై మూడు షీట్లు. ఉదయం నుంచి సాయంత్రం దాకా చదివాడు. మంచి గొంతు, ఎక్కడా తడబడలేదు. నాలుగు చోట్ల ఆపి దిద్దించాను. పద్నాలుగో షీటు గేటు కొళాయి మార్పు. గట్టు, గొట్టం, రెండు వరుసల కలయిక, కొళాయి. అంతే. సంతకం పెట్టి టీ తాగాం.

నమోదు 7,902
రాబడి: 84 లక్షలు. మడ్డి: 340. రుచి: మెత్తన.

కొత్త వరుస మొదలైంది. తవ్వకాలకు పాత గేటు తీసేశారు కాబట్టి గ్లాసు కొళాయి ఇప్పుడు కొత్త గేటు పక్కన సిమెంటు గట్టు మీద ఉంది. పేటికలు నెల కిందటే వచ్చాయని, బిగించడం అయిపోయిందని తవిటినాయుడు చెప్పాడు. కొత్త సన్న జల్లెడ గది తలుపుకు సీలు ఉంది. వారంటీ సీలు, ఏడాది దాకా విప్పకూడదన్నాడు. సరేనన్నాను. అతను చెప్పాక సీలు విప్పి చూడాల్సిన అవసరం నాకు ఎప్పుడూ రాలేదు.

పది మంది చూపరులు వచ్చారు. ఎర్రయ్యమ్మ తలకు నూనె రాసుకుని, ఉతికిన చీర కట్టుకుని, వార్డు తాళంచెవి మెడలో వేసుకుని వచ్చింది. గ్లాసు నింపాను, తాగాను, బోర్లించాను. నీళ్లు మెత్తగా ఉన్నాయి, పట్టులా జారాయి. ఇన్నేళ్లలో ఇంత మంచి నీళ్లు తాగలేదు. కొత్త జల్లెడ కదా అనుకున్నాను. గర్వంగా కూడా అనిపించింది, ఆ మాట ఎందుకు దాచాలి.

"తాగీసినావా అప్పా?"

"తాగేశాను. వెళ్లి తిప్పుకో."

ఆమె నడవలేదు, పరిగెత్తింది.

నమోదు 7,924
రాబడి: 90 లక్షలు. మడ్డి: 375. రుచి: మెత్తన.

గ్లాసు అయ్యాక ఎర్రయ్యమ్మ వెళ్లకుండా నిలబడింది.

"అప్పా, మా పేటలో కడుపులు జారతన్నాయి. పన్నెండు మంది దాకా పడిపోనారు. నీల్లేమో అని అంటన్నారు మావోల్లు."

నాకు కోపం వచ్చింది. ఇరవై ఏళ్లు తాగిన దాన్ని, పొద్దున్నే ఆమె కళ్ల ముందే తాగిన దాన్ని.

"నీళ్లయితే ముందు నేను పడాలి కదా. మీరు టాంకరు రోజుల నాటి బిందెలే వాడుతున్నారు. లోపల పాచి అరంగుళం ఉంటుంది. ఇసకతో తోముకోండి, మూతలు పెట్టుకోండి. నీళ్లను అనకండి."

చూపరులంతా విన్నారు. రెండో వార్డాయన నవ్వాడు కూడా. సాయంత్రం దిగువకు చూస్తే ఒడ్డుపేట వీధులన్నిటా ఆడవాళ్లు వరసగా కూర్చుని బిందెలు తోముతున్నారు. నేను చెప్పాను కాబట్టి.

నమోదు 7,941
రాబడి: 97 లక్షలు. మడ్డి: 460, పైన నూనె తెట్టు. రుచి: మెత్తన.

మొన్న అమ్మవారి సంబరం. ఊరంతా గారెలు, బూరెలు, కోళ్లు. ఆ నూనె మురుగై ఈ రోజు తొట్టెలకు చేరింది. ఏటా సంబరం అయిన రెండో రోజు నా నాలుక మీద ఒక జిడ్డు రుచి ఉంటుంది. సన్న జల్లెడ కూడా దాన్ని పూర్తిగా ఆపలేదు. దానివల్ల ఎవరికీ ఏ హానీ లేదు. అయినా నాకు మాత్రం తెలుస్తుంది. ఇరవై సంబరాల ఎంగిలి తిన్నాను నేను. ఈ రోజు లేదు. నీళ్లు మొదటి రోజులాగే మెత్తగా ఉన్నాయి.

మెత్తన అని రాయబోయి పైకి చూశాను. నిన్న మెత్తన. మొన్న మెత్తన. పేజీ వెనక్కి తిప్పాను, ఇంకో పేజీ తిప్పాను. ఇనుము లేదు, సబ్బు లేదు, చప్పన లేదు, వేపచేదు లేదు. నలభై రోజులుగా ఒకే మాట రాస్తున్నాను. అరవై ఒక్క వేల మంది నలభై రోజుల పాటు ఒకే రకంగా తిని, ఒకే రకంగా కడుక్కుని ఉండరు. నీళ్లు మారకుండా ఉండవు. మారకపోతే, నేను తాగేది ఊరి నీళ్లు కావు.

ఇదంతా మధ్యాహ్నం ఆలోచించిన సంగతి. పొద్దున్న జరిగింది ఇంకొకటి ఉంది. ఎర్రయ్యమ్మ ఆలస్యంగా వచ్చింది. కళ్లు వాచి ఉన్నాయి. ఆమె చెల్లెలు పోలమ్మ తెల్లవారుజామున పోయిందట. నాలుగు రోజులు కడుపు నిలవలేదట. చావింటి నుంచి ఎందుకొచ్చావని అడిగాను.

"నాను సూడకపోతే పేటకి నీల్లు తిప్పరు గదా. సచ్చినమ్మికి నీల్లోయాల." గ్లాసు బోర్లించాక నా చెయ్యి పట్టుకుంది. "నీల్లు కాదులే అప్పా. నువ్వు తాగుతన్నావు గదా. దాని రాత."

ఆమె నన్ను ఓదార్చింది.

నమోదు 7,942
రాబడి: 93 లక్షలు. మడ్డి: 420. రుచి: మెత్తన.

పొద్దున్న గ్లాసు తాగాను. నలభై ఒకటోది. అనుమానంతో ఊరి కొళాయిలన్నీ కట్టేయలేను, చూసి తేల్చుకోవాలి. మధ్యాహ్నం మనుషులు భోజనాలకు వెళ్లినప్పుడు గునపం తీసుకుని గేటు దగ్గరి సిమెంటు గట్టు పైపలక లేపాను. లోపల గొట్టం వంపులో బిందెడంత పేటిక. సన్న జల్లెడ, దాని వెనక రుచులన్నీ పీల్చేసే బొగ్గు పొర. ఒక్క కొళాయికి, ఒక్క గ్లాసుకు, ఒక్క నాలుకకు. అక్కడి నుంచి కొత్త జల్లెడ గదికి వెళ్లి సీలు తెంచాను. లోపల పేటికల కోసం కట్టిన ఏడు గూళ్లూ ఖాళీగా ఉన్నాయి. ఒక గూట్లో ఎవరో తాగి వదిలేసిన టీ గ్లాసు ఉంది.

నలభై ఒక్క రోజులుగా ఒడ్డుపేట తాగుతున్నది తేటగా చేసిన మురుగు.

తవిటినాయుడు ఆఫీసులోనే ఉన్నాడు. బిందెడు పేటికను బల్ల మీద, అతని కాగితాల మీదే పెట్టాను. నీళ్లు కారి కాగితాలు తడిశాయి. అతను తుడవలేదు.

"పద్నాలుగో షీటులో ఉంది పిన్నీ," అన్నాడు. "గట్టు, గొట్టం, కలయిక, రక్షణ భాగం ఒకటి, కొళాయి. కింద నీ సంతకం."

"రక్షణ భాగం నువ్వు చదవలేదు."

"చదవలేదు."

పోనీ, అబద్ధమైనా ఆడి ఉంటే బాగుండేది. చదివాను, నువ్వే వినలేదు అని ఉంటే వాడితో పోట్లాడేదాన్ని. కళ్లు మూసుకుని వింటున్న నా ముఖం చూస్తూ ఒక్క ముక్క దాటేశాడు. ఏ ముక్క దాటాలో, ఎంత మెల్లగా దాటాలో తెలిసేంత బాగా నేర్పాను నేను.

"పేటికలు రాలేదు. ఇంకో ఎనిమిది నెలలు రావు," అన్నాడు. "గడువు దాటితే పేటని ఎత్తీసేవోళ్లు. ఇరవై రెండు వేల మందిని లారీలెక్కించీవోళ్లు. నాను వాళ్లని ఆపినాను పిన్నీ. నీళ్లు తేటగానే ఉన్నాయి. అందరికీ జబ్బు సెయ్యదు."

"కాచుకుని తాగమని ఒక్క మాట చెప్తే ఏం పోయేది?"

"కాచుకోమంటే గొట్టం నీళ్లిచ్చినట్టు లెక్కలోకి రాదు. గ్లాసు తాగిన నీళ్లే లెక్క."

"పాత వరుస నుంచి ఐదు పేటికలు తియ్యమన్నాను కదా."

"పాత ఊరోళ్లు ఒప్పుకోరు. అధ్యక్షుడు ముందే సెప్పీసినాడు, తొమ్మిది గంటల్లో నిమిషం తగ్గినా నువ్వుండవని." కళ్లు తుడుచుకున్నాడు. "నీకేమీ కాకూడదనే పిన్నీ, ఆ పేటిక పెట్టింది. నీ గ్లాసులో ఒట్టి పాత వరుస నీళ్లు పోసుంటే అది మోసం. నాను రెండూ కలిపినాను. ప్లానులో రాసినట్టే."

నవ్వొచ్చింది. ఇన్నాళ్లూ వాడి మనసుకు దొరికిన ఊరట అదన్నమాట.

"పోలమ్మ పేరు నీకు తెలుసా?" అన్నాను.

తెలీదు. చెప్పాను. ఇంకో నాలుగు నెలలు ఓపిక పట్టమన్నాడు, ఎనిమిది కాస్తా నోట్లో నాలుగైంది. నేను తాగకపోతే పది వార్డులూ ఎండుతాయనీ, పేటను తీసుకెళ్లడానికి లారీలు వస్తాయనీ చెప్పాడు. అన్నీ నిజాలే. అవన్నీ నా గొంతుకు కట్టి నలభై ఒక్క రోజులు నన్ను ఆడించాడు. నా కడుపు కాపాడి నా మాట చంపేశాడు. ఆ సంగతి వాడికి ఇప్పటికీ అర్థం కావడం లేదు. పంతొమ్మిదేళ్లప్పుడు నా క్యారేజీ ఖాళీ చేసిన మనిషి వీడేనా అని చాలాసేపు చూశాను. వీడే.

నమోదు 7,943
రాబడి: 91 లక్షలు. మడ్డి: 390. రుచి: తాగలేదు.

పది మంది చూపరులూ వచ్చేసరికి గట్టు పైపలక తెరిచే ఉంది. పేటిక పక్కన నేల మీద పెట్టాను. పేటిక తీసేసిన కొళాయి నుంచి గ్లాసు నింపి పైకెత్తాను. అదే తేట. ఎవరికీ తేడా తెలియదు.

"ఈ నీళ్లు నేను తాగను," అన్నాను. "ఇవి ఒడ్డుపేటకు పోయే నీళ్లు కలిసినవి. క్రిమి పోలేదు. నలభై ఒక్క రోజులు నేను ఈ బిందెడు జల్లెడ నీళ్లు తాగి మీకు చూపించాను. నాకు తెలియదు. సంతకం మాత్రం నాదే. పాత ఊరి గొట్టంలోవి మంచి నీళ్లే. ఒడ్డుపేట వాళ్లు ఇంట్లో ఉన్నవి పారబోయండి, లేదా పొంగేదాకా కాచండి."

ముందు పాత ఊరి వాళ్లే అరిచారు. మా నీళ్లు మంచివైతే తాగి చూపించు, మా వాల్వులు తిప్పుకుంటాం అన్నారు. రెండో వార్డాయన ఆ పేటను మాకు అంటగట్టిందే నువ్వన్నాడు. అన్నీ వింటూ నిలబడ్డాను. నేను చూస్తున్నది ఎర్రయ్యమ్మనే.

ఆమె గట్టు దగ్గరికొచ్చి లోపలికి వంగి చూసింది. పేటిక చేత్తో ఎత్తి బరువు చూసింది, చేప తూచినట్టు. కింద పెట్టింది.

"నీకు తెల్దా?"

"తెలీదు."

"సరే." తడి చెయ్యి చీరకు తుడుచుకుంది. "మరి బిందెలు తోముకోమన్నావు."

ఎత్తిన గ్లాసు కిందికి దించాను.

"పోలమ్మ సచ్చేరోజు గూడా తోమింది," అంది. "కూకోలేక కూకోని తోమింది. గ్లాసమ్మ సెప్పింది, మన బిందెలే మురికని."

నా చేతిలోంచి గ్లాసు తీసుకుని నీళ్లు నేల మీద పోసింది. గ్లాసు కొంగుకు తుడిచి ముడేసుకుంది. ఇరవై ఏళ్ల గ్లాసు, అంచున నా పళ్ల గీతలు కూడా ఉంటాయి.

"జల్లెడ ఎక్కడ దొరుకుద్ది?" అని అడిగింది, నన్ను కాదు, అందరినీ. పాత వరుసలో పన్నెండున్నాయని నేనే చెప్పాను.

ఎర్రయ్యమ్మ గేటుకు అడ్డంగా కూర్చుంది. తొమ్మిది గంటలకల్లా ఒడ్డుపేట ఆడవాళ్లు నాలుగైదు వందల మంది వచ్చి ఆమె వెనక కూర్చున్నారు, తోమిన బిందెలు ముందు పెట్టుకుని. పదింటికి పాత వరుస ఆపేశాను. ఎవరినీ అడగలేదు. అడిగితే తర్వాతి అంశం అంటారు. నలుగురు మనుషులతో ఐదు పేటికలు విప్పి కొత్త గూళ్లలో బిగించడానికి సాయంత్రం అయింది. మధ్యలో పురసభ నుంచి కాగితం వచ్చింది, ఈ క్షణం నుంచి నేను ఉద్యోగంలో లేనని. బోల్టులు సగంలో ఉన్నాయి కాబట్టి తర్వాత చదువుతానన్నాను.

తవిటినాయుడు మూడింటికి వచ్చాడు. చేతిలో పెద్ద స్పానరు ఉంది. స్పానరు తీసుకున్నాను. అతణ్ణి పక్కకు జరగమన్నాను.

నమోదు 7,944
రాబడి: 62 లక్షలు. మడ్డి: 310. రుచి:

ఈ పుస్తకంలో రాయడానికి నాకిప్పుడు హక్కు లేదు. పుస్తకం ఇంకా ఎవరూ అడగలేదు కాబట్టి రాస్తున్నాను.

పాత ఊరికి ఐదు గంటలు, ఒడ్డుపేటకు ఐదు గంటలు. అందరికీ కోపమే. లారీలు పేట మొదట్లో ఆగి ఉన్నాయి. ఈ రోజు గ్లాసు తాగి బోర్లిస్తే వెనక్కి వెళ్లాలి, లేకపోతే మనుషుల్ని ఎక్కించుకోవాలి. ఒక డ్రైవరు కూడా గేటు దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

నేను తాగుతానంటే పదో వార్డు ఒప్పుకోలేదు. మిగతా తొమ్మిది వార్డులూ ఒప్పుకోలేదు, ఈ విషయంలో మాత్రం ఊరంతా ఒక్కటైంది. నా గొంతు ఇక ఎవరికీ పనికిరాదు. మొదట, తెరిచి ఉన్న గట్టును అందరూ వచ్చి చూశారు. కొత్త జల్లెడ గదిలోకి వెళ్లి ఐదు పేటికలూ తడిమి వచ్చారు. పద్నాలుగో షీటు రెండో వార్డాయన పైకి చదివాడు, ఒక్క ముక్క దాటకుండా.

తర్వాత ఎర్రయ్యమ్మ కొంగు ముడి విప్పింది. గ్లాసు నింపింది. ఆమె మధ్యలో ఆపకుండా తాగింది, కాసేపు కళ్లు మూసుకుని నిలబడింది, గ్లాసు బోర్లించింది. పది తాళంచెవులూ కదిలాయి. లారీ డ్రైవరు తల గోక్కుంటూ వెళ్లిపోయాడు.

అందరూ వెళ్లాక పుస్తకం తెరిచి ఆమె దగ్గరికి వెళ్లాను. నిన్న జల్లెడలు మారాయి, ఈ రోజు నీళ్లలో ఏముందో నాకు తెలియాలి. మూడో వార్డు తుప్పు ఉందా, సంబరం నూనె మిగిలిందా. ఇరవై ఏళ్లలో ఒక్క రోజు కూడా ఆ గడి ఖాళీగా వదల్లేదు.

"రుచి ఎలా ఉంది?" అన్నాను.

ఎర్రయ్యమ్మ గ్లాసు మళ్లీ కొంగున ముడేసుకుంది. నా చేతిలోని పుస్తకం కేసి చూసింది, నా ముఖం కేసి చూసింది. తాళంచెవి మెడలో సర్దుకుని దిగువకు నడిచింది.

రుచి: అడిగాను. చెప్పలేదు.